ఆకుపచ్చ చీర పక్కన బోర్లించిన పళ్ళెం

ఇందులో సముద్రం ఉంది. ఆలస్యంగా వచ్చిన ఓడ ఉంది. ఒక పూట అన్నం దగ్గర పుట్టి పాతికేళ్ళకు పైగా పెరిగిన పగ ఉంది. అక్క ఉంది, తమ్ముడున్నాడు, చనిపోయిన తల్లి ఉంది, అన్నిటికీ సాక్షిగా గోడమీద ఒక రంగుల బొమ్మ ఉంది. కాబట్టి సర్దుకుని కూర్చోండి, ఒక మహాకావ్యం చెబుతాను.

లేదులెండి, చెప్పను. నేను చేసిన ఉద్యోగం, గోడకు తగిలించిన బొమ్మ పక్కన నిలబడి వచ్చినవాళ్ళకు అందులో ఏముందో చెప్పడం. వాళ్ళకు కళ్ళున్నాయి. అయినా నాకు జీతమిచ్చారు.

రిటైరయ్యానని చెబితే జనం నా జుట్టు వైపు చూస్తారు. అది నల్లగానే ఉంది. మిడిల్ పాయింట్‌లో, అంటే ఈ దీవుల పట్నంలోని బజారులో, స్టేషనరీ దుకాణం మీది అంతస్తులో మా గ్యాలరీ ఉండేది. అది మూసేసి అక్కడ స్కూటీలు అద్దెకిచ్చే ఆఫీసు పెట్టారు. స్కూటీ అర్థమేమిటని ఎవరూ అడగరు కాబట్టి నా అవసరం తీరిపోయింది. "రిటైరవడమేట్రా, పని పోయింది" అంటుంది మా అమ్మ. రెండింట్లోనూ చేసేది ఇంట్లో కూర్చోవడమే కాబట్టి నేను వాదించలేదు.

ఈమధ్య రిసార్టుల్లో, హోటళ్ళలో బొమ్మలు పెట్టి వాటి పక్కన కుర్రాళ్ళను నిలబెడుతున్నారు. అలాంటి ఇద్దరు ముగ్గురు "భయ్యా, కొంచెం చెప్పవా, ఏం మాట్లాడాలి?" అని అడిగారు. వాళ్ళ కోసమే ఇది. తెలుగులో రాస్తున్నాను. వాళ్ళలో సగం మందికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. ఎవరైనా చదివి వినిపించాలి. తప్పులు దొరక్కుండా ఉండటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

గోడమీద ఏముంది

మా గ్యాలరీలో బొమ్మలు చాలా ఉండేవి. సూర్యాస్తమయాలు, చేపలు, మళ్ళీ సూర్యాస్తమయాలు. జనం ఆగేది మాత్రం ఒక్కదాని ముందే. అది మంచం దుప్పటి అంత పెద్దది. ఒక పెరట్లో నీలం టార్పాలిన్ కింద చాపలు పరిచి, పెళ్ళి భోజనాలు పెడుతుంటారు. వెనక కొబ్బరిచెట్లు, పోకచెట్లు. ఎర్ర చీరలు, పసుపు చొక్కాలు, నారింజరంగు గౌనులో ఒక పిల్ల. ఒకడు ఒక చేత్తో పులుసు బకెట్టు, ఇంకో చేత్తో జారిపోతున్న లుంగీ పట్టుకుని పరిగెడుతుంటాడు. ఇద్దరు ఆడవాళ్ళు చెవులు కొరుక్కుంటుంటారు. ఒక పెద్దాయన తన పళ్ళెంలో మాంసం ముక్క కోసం వెతుకుతుంటాడు. ఆ ముఖంలో ఉన్నంత దుఃఖం నేను ఏ యుద్ధం బొమ్మలోనూ చూడలేదు.

వరస మధ్యలో చిలకాకుపచ్చ చీర కట్టుకున్న ముసలావిడ ఒక మోకాలు నిలబెట్టి కూర్చుని ఉంటుంది. ఆమె పక్కన చోటు ఖాళీ. ఆ ఖాళీలో తెల్లని పళ్ళెం ఒకటి బోర్లించి ఉంటుంది.

నా ఉద్యోగమంతా ఆ పళ్ళెం చుట్టూనే తిరిగింది.

ఒక ప్రొఫెసర్ గారు దాన్ని ఆకలికి ప్రతీక అన్నారు. ఆయన అప్పుడే భోంచేసి వచ్చారు, పళ్ళు కుట్టుకుంటూ అన్నారు. కొత్తగా పెళ్ళయిన జంట అది టోపీయా అని అడిగింది. ఒక పిల్లాడు తాబేలన్నాడు. వాడితో నేను వాదించలేదు. వాడు మిగతా అందరికంటే ఎక్కువసేపు చూశాడు.

నేను చెప్పే మాట వేరు. మా వాళ్ళలో, అంటే కోస్తా నుంచి తాతల కాలంలో వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డ తెలుగు చర్చి కుటుంబాల్లో, ఒక అలవాటుంది. భోజనాల బంతిలో రావాల్సినవాళ్ళు ఇంకా రాకపోతే వాళ్ళ చోట పళ్ళెం బోర్లిస్తారు. అక్కడ ఎవరూ కూర్చోరు. వేరే ద్వీపాల్లోని చుట్టాలు ఓడ దిగి రావాలి. ఓడ సముద్రం మాట వింటుంది, పాస్టరు గారి మాట వినదు. అందుకని ఈ ఏర్పాటు. ఇది చెబితే టూరిస్టులు "అయ్యో, ఎంత బాగుంది" అని ఫోటో తీసుకునేవారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఒక సంగతి. దూరం నుంచి వచ్చినవాడు బొమ్మ ముందు నిలబడి "దీని అర్థమేమిటి?" అంటాడు. ఇక్కడివాడు "ఇది ఎవరిల్లు?" అంటాడు. మొదటివాడికి ఏం చెప్పినా ఫరవాలేదు, మర్నాడు విమానం ఎక్కేస్తాడు. రెండోవాడితో జాగ్రత్త. వాడు ఆ ఇంటికి వెళ్ళి అడుగుతాడు.

దీదీ

గ్యాలరీ కమల దీదీది. మంచి మనిషి, జీతం ఆపలేదు. ఒకటే జబ్బు, ప్రతి బొమ్మకూ పేరు పెట్టాలి. మత్తి చేపల బుట్ట బొమ్మకు 'జీవన ప్రవాహం' అని పెట్టింది. ఈ భోజనాల బొమ్మకు 'అనంత నిరీక్షణ' అని రాయించింది. ఆవిడ మాట్లాడేది హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, నాటకం మాత్రం ఆవిడదే.

"నువ్వు మరీ చప్పగా చెబుతున్నావు. ఓడ లేటు, పళ్ళెం బోర్లించారు, అంతేనా? కన్నీళ్ళు రావాలి!"

"దీదీ, అది పెళ్ళి భోజనం."

"పెళ్ళిలో కన్నీళ్ళు రావా?"

"పులుసులో కారం ఎక్కువైతే వస్తాయి."

నన్ను తీసేయాలని ఆవిడ చాలాసార్లు అనుకుంది. ఆ జీతానికి ఇంకొకరు దొరకరని ఊరుకుంది. మా ఇద్దరి మధ్య గౌరవం ఆ పునాది మీదే నిలబడింది.

వేసినాయన

బొమ్మ వేసింది శామ్యూల్ మాస్టారు. బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరై, పట్నం పక్కనున్న ప్రోతరాపూర్‌లో ఉంటారు. ఆయనది అసలైన రిటైర్మెంటు, పెన్షనుతో. నేను చేరిన కొత్తలో చట్రం బాగుచేయించడానికి ఆయన గ్యాలరీకి వస్తే, ఆ పళ్ళెం గురించి అడిగాను. ఎవరి కోసం పెట్టారు మాస్టారూ, ఎవరు రావాలి అని.

"ఎవరూ రానక్కర్లేదు" అన్నారాయన. "ఆవిడ చీర పచ్చ, వెనక చెట్లు పచ్చ. కన్ను ఎక్కడా ఆగట్లేదు. అక్కడో తెలుపు కావాల్సొచ్చింది. పళ్ళెం పడేశాను."

కొన్నాళ్ళుగా నేను జనం కళ్ళు చెమ్మగిల్లజేస్తున్నది కన్ను ఆగడానికి వేసిన సున్నం చుక్కతో అన్నమాట. బాధ కలిగింది. ఆ సాయంత్రం దాకా ఉంది. మర్నాటి నుంచి మళ్ళీ ఓడ కథే చెప్పాను. అలవాటు నిజమే కదా, ఆ బొమ్మలో ఉన్నా లేకపోయినా.

సుశీలమ్మ

కింది స్టేషనరీ దుకాణంలో రూత్ అనే అమ్మాయి పనిచేసేది. ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ చేయి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"భయ్యా, మా మేనత్త. ఆ ఖానావాలా బొమ్మ చూపించు జల్దీ. షాపు వదిలేసి వచ్చాను, సేఠ్ చూస్తే నా పని ఖతం."

పెద్దావిడ కొంగుతో చెమట తుడుచుకుంటూ బొమ్మ ముందుకు వెళ్ళింది. అందరిలా అర్థం అడగలేదు. ఎవరిల్లని కూడా అడగలేదు.

"ఇది మా ఇల్లు" అంది. పచ్చ చీర వైపు వేలు చూపించి, "ఈవిడ మా అమ్మ" అంది.

"నానమ్మే కదా అత్తా! ఆ మోకాలు పెట్టుకోవడం చూసి నేను పహచాన్ చేశా."

"చీర నేను కొన్నదే. హట్‌బే నుంచి పంపేను."

విషయం రూత్ చెప్పింది, అత్త ముందే, అత్త లేనట్టు. రూత్ వాళ్ళ నాన్న దానియేలు. ఈ మేనత్త సుశీలమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఈ బొమ్మలోవి అతని పెళ్ళి భోజనాలే. అప్పటికి సుశీలమ్మ భర్త ఉద్యోగం హట్‌బేలో. అది వేరే దీవి, రావాలంటే ఓడే. సముద్రం బాగోక ఓడ ఆలస్యమైంది. ఆమె ఓడ దిగి ప్రోతరాపూర్ చేరేసరికి ఆఖరి బంతి కూడా లేచిపోయింది, గిన్నెలు తోముతున్నారు. ఆమెకు చోటు లేదు, పళ్ళెం లేదు. వాళ్ళమ్మ పని తొందరలో "ఇప్పుడా రావడం?" అంది. సుశీలమ్మ అలాగే వెనక్కి తిరిగింది. తనకు చోటు ఆపనే లేదని ఆమె నమ్మకం. ఆపామని, ఆఖరి బంతికి వడ్డించేవాళ్ళు తీసేశారని దానియేలు చెప్పాడు. ఆమె వినలేదు. తమ్ముడింట్లో మంచినీళ్ళు ముట్టనని అంది. ముట్టలేదు. మధ్యలో తల్లి పోయింది. సమాధి దగ్గర అక్కాతమ్ముళ్ళు చెరో వైపు నిలబడ్డారట.

"ఇప్పుడు నా షాదీ" అంది రూత్. "వచ్చే నెల. భోజనాలు మా ఇంట్లోనే. అత్త చర్చికి వస్తుందట, ఖానాకి రాదట. నాకున్నది ఒక్క మేనత్త భయ్యా. ఈవిడ రాకపోతే నేను ఎవరికి ముఖం చూపించాలి?"

"నీ మొగుడికి చూపించు" అంది సుశీలమ్మ, బొమ్మ మీంచి కళ్ళు తీయకుండా. తర్వాత నా వైపు తిరిగింది.

"బాబూ, మా అమ్మ పక్కన ఈ పళ్ళెం బోర్లించి ఉంది కదా. ఇది నాకేనా?"

దీదీ నా వెనకే నిలబడి ఉంది. ఆవిడకు తెలుగు అంతంతమాత్రం. నాటకం మాత్రం ఏ భాషలో ఉన్నా వాసన పట్టేస్తుంది. అవునని చెప్పు, అవునని చెప్పు, అని వెనక నుంచి నా నడుం పొడుస్తోంది.

టూరిస్టుకైతే అవుననేవాణ్ణే. ఎవరికీ ఖర్చు లేదు. ఇక్కడ నా మాట మీద ఒక మనిషి పెళ్ళికి వెళ్ళడమో మానడమో ఉంది. అవునంటే రేపు ఆవిడ మాస్టారిని అడుగుతుంది, ఆయన సున్నం సంగతి చెబుతారు, పాత పగకు కొత్త అంతస్తు లేస్తుంది. కాదంటే ఇప్పుడే లేస్తుంది. ఇలాంటప్పుడు అనుభవజ్ఞుడైన గైడు చేయాల్సిన పని ఒకటే. ఇంకొకరి మీదికి తోసేయాలి.

"వేసినాయన ఉన్నారమ్మా, ఆయన్నే అడుగుదాం. ప్రోతరాపూర్‌లో ఉంటారు."

ప్రోతరాపూర్ అనగానే ఆమె దవడ బిగుసుకుంది. తమ్ముడి ఊరు. మళ్ళీ బొమ్మ వైపు తిరిగి చూసింది.

"ఆదివారం ఆరాధన అయ్యాక ఎల్దాం" అంది చివరికి. "రూతూ, నువ్వు రాకు. మీ నాన్నకి సెప్పకు."

"నహీ చెప్తాను" అంది రూత్. అది చెబుతాననా, చెప్పననా అన్నది ఆ పిల్ల ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ప్రోతరాపూర్

బస్సు దిగిన చోటికి ఎదురుగానే దానియేలు ఇల్లు. సుశీలమ్మ రోడ్డుకు అటువైపున్న కొబ్బరిచెట్లను పరీక్షగా చూసుకుంటూ నడిచింది. కొబ్బరిచెట్లను అంత శ్రద్ధగా చూసిన మనిషిని ఈ దీవుల్లో నేను చూడలేదు.

మాస్టారు వరండాలో బనీనుతో కూర్చుని ఉన్నారు. నేను దారంతా ఒక్కటే అనుకుంటూ వచ్చాను, ఈయన ఈ ఒక్కరోజు మర్యాదగా అబద్ధం చెబితే బాగుండునని. ఆయన డ్రాయింగు మాస్టారు. వంకర గీతను వంకర గీత అనడమే జీవితమంతా చేసిన పని.

"ఆ పళ్ళెం ఎవరికి పెట్టారు మాస్టారూ?" అని సుశీలమ్మ కూర్చోకుండానే అడిగింది.

"ఎవరికీ కాదమ్మా. అది నేనేసింది. పచ్చ మీద పచ్చ పడి ముద్దగా ఉంటే, తెలుపు కోసం వేశాను."

నేను నేల చూశాను. ఆమె చూడలేదు.

"తెలుపే కావాలంటే అన్నం ఎయ్యొచ్చు కదా. అన్నం తెల్లగానే ఉంటది."

మాస్టారు మొదటిసారి ఆమె వైపు సరిగ్గా చూశారు. "అన్నం వేస్తే తినే మనిషినీ వెయ్యాలి కదమ్మా. అక్కడ మనిషి లేదు."

"ఎందుకు లేదు?"

"నాకేం తెలుసు? నేను ఆ పెళ్ళికి భోజనానికెళ్ళి, తినడం మానేసి పెన్సిలు పట్టుకు కూర్చున్నాను. బంతి కిక్కిరిసి ఉంది, మోచెయ్యికి మోచెయ్యి తగులుతోంది. జనం నిలబడి కాచుకుంటున్నారు. సరిగ్గా నా బొమ్మకి నడిమధ్య, ఆ ముసలావిడ పక్కన, ఒక్కచోట ఖాళీ! కూర్చోబోయిన ఒకాయన్ని ఆవిడ చేత్తో తోసేసింది. నా బొమ్మంతా పాడైందని నేను తిట్టుకున్నాను. ఇంటికొచ్చి ఆ కంత పూడ్చడానికే ఈ పళ్ళెం."

ఇది పవిత్రమైన క్షణమని దీదీ ఉంటే అనేది. నిజానికి మాస్టారు బనీను లోపల వీపు గోక్కుంటున్నారు. తాను ఏం చెప్పారో ఆయనకు తెలియలేదు.

సుశీలమ్మకు తెలిసింది. "తోసేసిందా?" అంది.

"గట్టిగా. ఆయన పడబోయాడు కూడా."

"మా అమ్మ తోస్తే పడతారు" అంది ఆమె. కళ్ళు తుడుచుకుంది. మాస్టారు భార్య టీ తెస్తే తాగింది, చక్కెర తక్కువైందని అంది.

అన్నేళ్ళూ నేను వచ్చినవాళ్ళందరికీ పళ్ళెం చూపించాను. చూపించాల్సింది ఖాళీని. ఈ పనిలో నేను నేర్చుకున్న విద్య ఏదైనా ఉంటే ఇదే. బొమ్మలో ఉన్నది వేసినవాడి తెలివి కావచ్చు. లేనిదాని మీద వాడికి అంత అధికారం ఉండదు. ఇది గొప్ప సూత్రంలా వినిపిస్తోంది కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆవిడ తోసేసిన మనిషి ఎవరో మనకు తెలియదు. అతనంటే ఆమెకు పడకపోయి ఉండొచ్చు. ఈ సంగతి నాకు అక్కడే తట్టింది. నేను నోరు మూసుకున్నాను. అది కూడా ఉద్యోగంలో భాగమే, దానికి మాత్రం ఎవరూ శిక్షణ ఇవ్వరు.

తిరుగు ప్రయాణం

రోడ్డు మీదికి వచ్చేసరికి వాన పట్టుకుంది. బస్‌స్టాపు కప్పు కింద నిలబడ్డాం. సుశీలమ్మ ఈసారి కొబ్బరిచెట్లను చూడలేదు. తమ్ముడింటి వైపు చూసింది, మళ్ళీ రోడ్డు వైపు చూసింది. ఇంత తెలిశాక ఇక పరిగెత్తుకుంటూ వెళ్ళి తమ్ముణ్ణి కౌగిలించుకోవాలి కదా అని నేను అనుకున్నాను. ఆమె కదల్లేదు. అన్నేళ్ళు పట్టుకున్న మాటను నడిరోడ్డు మీద ఎలా దింపుతారు? పెట్టడానికి ఒక చోటుండాలి.

ఎదురింటి కిటికీలో రూత్ ముఖం కనిపించి మాయమైంది. కాసేపటికి దానియేలు గొడుగేసుకుని వచ్చాడు. దగ్గరికి రాకుండా నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"అక్కా, బస్సు రాదు."

"నిన్నడిగేనా?"

"లేదు. ఆదివారం ఈ టైంలో ఉండదు. అదే సెప్తన్నా."

"ఆటో ఎక్కుతాను."

"ఆటో కుర్రోడు మా ఇంట్లో తింటన్నాడు."

సుశీలమ్మ నా వైపు చూసింది. రంగురంగుల జనాన్ని చదివి చెప్పడం నా వృత్తి. నేను కాలువలో వాననీళ్ళు చూస్తూ నిలబడ్డాను.

"ఏం కూర?" అంది ఆమె.

"సుర్మయి చేపల పులుసు."

"ఉప్పు ఎక్కువేసుంటాది. మీ ఆవిడకి చెయ్యాగదు."

ఆ మాటంటూనే తమ్ముడి చేతిలోని గొడుగు లాక్కుని తనే వేసుకుని నడిచింది. అతను తడుస్తూ వెనక వెళ్ళాడు. నన్ను ఎవరూ పిలవలేదు. నేనూ వెళ్ళాను.

లోపల ఆటో కుర్రాడు రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాడు. రూత్ ఏడుస్తూ నవ్వుతూ చాప పరిచింది. సుశీలమ్మ కూర్చుని, ముందు మంచినీళ్ళు తాగింది. దానియేలు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె నాలుగు ముద్దలు తిన్నాక అంది:

"అమ్మ నాకు చోటు ఆపిందటరా."

"నేనప్పుడే సెప్పేను కదా అక్కా!"

"నువ్వు సెప్తే ఎవరు నమ్ముతారు? కూసో, తిను."

పులుసులో ఉప్పు సరిగ్గానే ఉంది. ఆమె ఆ సంగతి ఒప్పుకోలేదు, కానీ రెండుసార్లు వేయించుకుంది. పెళ్ళి భోజనాలకు పొద్దున్నే వెళ్ళి, వడ్డన మొత్తం తన చేతిలోకి తీసుకుని అందర్నీ హడలగొట్టిందని రూత్ తర్వాత చెప్పింది.

దీదీకి ఇదంతా చెబితే ఆవిడ కళ్ళు మెరిశాయి. "చూశావా! కళ మనుషుల్ని కలుపుతుంది!" అంది. ఆవిడ మనసు నొప్పించడం ఇష్టంలేక తలూపాను. మీకు మాత్రం ఉన్నమాట చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం ప్రోతరాపూర్ నుంచి బస్సులు తక్కువ. వెళ్ళేవాళ్ళు తిరుగు ఆటో ముందే మాట్లాడుకోవాలి.